అంచు పట్టిన వేలు

రెండు చేతులున్న మనిషి ఒక్కరే చీర మడత పెట్టాలంటే మూడో చెయ్యి కావాలి. ఇద్దరుంటే పేచీ లేదు. చెరో కొసా పట్టుకుంటారు, దులుపుతారు, దగ్గరికొస్తారు, అయిపోతుంది. ఒక్కరే అయితే కింది కొసని ఎవరో ఒకరు పట్టుకోవాలి. రహమతున్నీసాకి ఆ ఎవరో ఒకరు ఆమె కుడికాలి బొటనవేలు. బొటనవేలికీ పక్కవేలికీ మధ్య చీర అంచు ఇరికించేది. నడుం వంచేది కాదు. పైకొసని చేతుల్తో లాగి పట్టి, మడత మీద మడత వేసి, ఎదురుగా కూర్చున్న బేరం వాళ్లు ఇంకో రంగు అడిగేలోపు ఈ చీరని అరలోకి పంపేసేది.

మంగళగిరి బజార్లో యలమంద గారి చీరల కొట్టు పాత పద్ధతిలోనే ఉంది. కుర్చీల్లేవు, బల్లల్లేవు. కొట్టు సగం మేర అరుగు, అరుగు మీద పరుపు, పరుపు మీద తెల్ల దుప్పటి. బేరం వాళ్లు కింద జంపఖానా మీద కూర్చుంటారు. చూపించేవాళ్లు చెప్పులు విడిచి పరుపు మీద నిలబడతారు. అందుకని చీర కొనడానికొచ్చిన ఏ ఆడమనిషైనా ముందు చూసేది చీరని కాదు, చూపించే మనిషి పాదాల్ని. మొహం చూడాలంటే తలెత్తాలి. పాదాలకి ఆ అవసరం లేదు, కళ్లెదుటే ఉంటాయి.

రహమతున్నీసాది మార్టూరు పక్క పల్లె. తల్లి కరీమున్ మిరప కోతలకీ పత్తి తీతలకీ పోయేది. జీవితంలో చెప్పులేసుకున్న మనిషి కాదు. ఆమె బొటనవేళ్లు రెండూ చిటికెనవేళ్ల వైపుకి ఒరిగిపోయి, వాటి మొదళ్లలో ఎముకలు బయటికి పొడుచుకొచ్చి ఉండేవి. చేలో మట్టిపెళ్లలు తగిలి తగిలి వంకరపోయాయని ఊరంతా అనేది, ఆమె కూడా అదే అనేది. రహమతున్నీసా మోటార్ వైండింగ్ చేసే సుభానీని చేసుకుని మంగళగిరి వచ్చింది. యలమంద గారి కొట్లో చేరింది. చేరింది పరుపు మీద కాదు, లోపలి గదిలో.

లోపలి గదికి కిటికీ లేదు. మగ్గాల నుంచొచ్చిన చీరలకి దారప్పోగులు కత్తిరించాలి, మడతలు పెట్టాలి, కట్టలు కట్టాలి. ట్యూబ్‌లైటు గుయ్యిమంటూ ఉంటుంది. పొద్దున వెళ్లిన మనిషి బయట వాన పడిందో లేదో తెలియకుండా ఇంటికి పోతుంది. అందులో ఏళ్లకేళ్లు గడిపింది. ఒకరోజు పరుపు మీద మనిషి రాలేదు. పొన్నూరు నుంచి పెళ్లి బేరం వచ్చి కూర్చుంది. యలమంద గారు లోపలికి తొంగిచూసి, "అమ్మాయ్, కాళ్లు కడుక్కుని రా" అన్నాడు.

ఆ రోజే పట్టు నేర్పాడు.

"వంగబాక. వంగినప్పుడల్లా వాళ్లకి నీ వీపు కనపడిద్ది, చీర కనపడదు. బేరం అక్కడే పోద్ది. కాలితో పట్టు. ఇదిగో, ఇట్టా."

పెద్దాయన పంచె ఎగ్గట్టి తన వేలితో పట్టి చూపించాడు. ఆమె వేలు మొదటిసారికే పట్టేసింది. అప్పట్నుంచీ లోపలి గదికి పోలేదు. పొన్నూరు నుంచీ, రేపల్లె నుంచీ వచ్చేవాళ్లు మెట్లెక్కుతూనే "రహమతమ్మ ఉందా?" అని అడిగేవాళ్లు. ఆమె ఒంటి మీద చీర వేసుకుని అటూ ఇటూ తిరిగితే నల్లగా ఉన్న వాళ్లు కూడా తమకి నప్పుతుందని నమ్మేసేవాళ్లు.

వేలు ఎప్పుడు వంగడం మొదలెట్టిందో ఆమె చూడలేదు. చూసేసరికి పక్కవేలి మీదికి ఎక్కి కూర్చుని ఉంది. వేలి మొదట్లో ఉసిరికాయంత ఎముక లేచింది. చుట్టూ ఎర్రగా ఉండేది, చెప్పు వారు తగిలితే ప్రాణం జివ్వుమనేది. సాయంత్రం ఇంటికెళ్లాక ఉప్పునీళ్లలో పెట్టుకునేది. ఒకసారి యలమంద గారు ఆ వేలిని చాలాసేపు చూశాడు.

"నా కొట్లో అరిగిన వేలమ్మా అది. చీరలు పట్టీ పట్టీ అట్టయింది. అది నీకున్నన్నాళ్లూ నిన్ను పరుపు దిగమనే మొగోడు ఈ కొట్లో పుట్టడు."

ఆ మాట రహమతున్నీసా కొంగున ముడేసుకుంది. వేలు కుట్టినప్పుడల్లా ముడి తడిమి చూసుకునేది. నొప్పి అంటే లోపలి గదికి పోనక్కర్లేదని అర్థం. సులువైన లెక్క.

తర్వాత ఆ నొప్పి కూడా మారిపోయింది. కుట్టడం తగ్గి తిమ్మిరి మొదలైంది. వేలి లోపలి పక్క మొద్దుబారింది. గోకితే ఎవరిదో కాలు గోకినట్టు. అంచు వేళ్ల మధ్య ఉందో జారిపోయిందో తెలియడం మానేసింది. కిందికి చూసుకోవాల్సొచ్చేది. నొప్పి లేదు కదా అని ఊరుకుంది. నొప్పి లేనిదాన్ని జబ్బని ఎవరంటారు?

యలమంద గారి కోడలు మాధురి గుంటూరు పిల్ల. వచ్చిన ఏడాదే కొట్లో ఫోన్ స్టాండు పెట్టింది, గుండ్రటి లైటు పెట్టింది, సాయంత్రాలు లైవ్ మొదలెట్టింది. "హాయ్ అక్కలూ, ఈరోజు కొత్త స్టాకు, నచ్చింది స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ చెయ్యండి" అని మాధురి పక్కనుంచి అంటుంటే, పరుపు మీద రహమతున్నీసా చీర మీద చీర వేసి చూపించేది. చూసేవాళ్లు ఆమె గొంతుకి అలవాటుపడ్డారు. రంగులకి ఆమె పెట్టే పేర్లు అలాంటివి. పండు మిరప రంగు, వెలిసిన తాలుకాయ రంగు, పత్తిపువ్వు పసుపు, వాన పడ్డ నల్లరేగడి. మార్టూరు చేలన్నీ చీరల మీదికి తెచ్చేది.

ఒక సాయంత్రం మాధురి కామెంట్లు చదువుతూ ఆగిపోయింది.

"ఏందమ్మా?" అంది రహమతున్నీసా.

"ఏం లేదక్కా. నీ కాలికేమైందని అడుగుతున్నారు."

"కాలు ఎందుకంట వాళ్లకి? చీర చూడమను."

"చీర కింద కాలేగా అక్కా ఉండేది."

మర్నాడు ఇంకొందరు అడిగారు. ఒకామె వేపాకు కట్టమంది. ఒకామె తన ఆడపడుచుకీ ఇట్టాగే ఉండేదనీ, ఇప్పుడామె లేదనీ రాసింది. లేకపోవడానికీ కాలికీ సంబంధం ఏమిటో రాయలేదు. ఆ వారంలోనే హీనా అనే పిల్ల కొట్లో చేరింది. డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉందట. సన్నగా, చురుగ్గా ఉంది. పాదాలు కొత్త సబ్బుల్లా ఉన్నాయి. మాధురి ఆ పిల్లని లోపలి గదిలోకి పంపలేదు. పరుపు వారనే నిలబెట్టి, "అక్క చేసేది చూస్తా ఉండు" అంది.

రహమతున్నీసాకి అర్థమైంది. పరుపు మీద ఇద్దరికి చోటుంది, కెమెరాలో లేదు.

కొట్లో ఇస్త్రీ చేసే ఎలీసమ్మ, అన్నం తినేటప్పుడు ఆమె కాలు ఒళ్లోకి లాక్కుని చూసింది.

"ఒసేయ్ వదినా, ఇది ఆనెకాయే. ఇన్నాళ్లు పెంచి పోషించావు, దీనికి పెళ్లొకటే తక్కువ."

"పో ఎహె."

"నవ్వులాట కాదు. నల్లజీడి తెచ్చుకో. సూదికి గుచ్చి దీపం మీద పెడితే రసం కారుద్ది. చుక్క పెట్టి పైన సున్నం రాయి. పొట్టు రాలినట్టు రాలిపోద్ది. మా నాన్న అరికాలు నిండా ఉండేయి, అట్టాగే పోయినాయి."

"మండదా?"

"మండుద్ది. మండితేనే మందు."

ఆదివారం ఇంట్లో జీడి కాల్చింది. సుభానీ గుమ్మంలో కూర్చుని ఫ్యాన్ మోటారు విప్పుకుంటున్నాడు.

"ఏందే ఆ కంపు? కాలు వేపుకుంటున్నావా?"

"మందు."

"డాక్టరు దగ్గరికి పోవచ్చుగా."

"డాక్టరు దగ్గరికి పోతే పని మానమంటాడు."

"అది నిజమే" అన్నాడు సుభానీ, మళ్లీ మోటార్లో తలపెట్టాడు.

చుక్క పెట్టింది. మండలేదు. మండితేనే మందని ఎలీసమ్మ చెప్పింది కాబట్టి ఇంకో చుక్క పెట్టింది. అప్పుడూ మండలేదు. ఎముక చుట్టూ పూసేసింది, పైన సున్నం రాసింది. తిమ్మిరెక్కిన తోలుకి మంట ఎట్లా తెలుస్తుందని ఆలోచించలేదు. తెల్లారేసరికి బొబ్బలు లేచి చితికి నీరు కారుతోంది. నల్లటి రసమూ తెల్లటి సున్నమూ కలిసి ముద్దకట్టాయి. పాత చీర పీలిక చుట్టి, కట్టుకున్న చీర కాస్త దించి కట్టుకుని కొట్టుకి పోయింది.

ఆ సాయంత్రం లైవ్‌లో పెట్టింది శ్రావణమాసం సరుకు. మాధురి ఒక్కో చీరా అందిస్తోంది. నాలుగోదో అయిదోదో, మీగడ రంగు చీర. ఒంటి మీద మచ్చుకి ఒక పువ్వు లేదు, జరీ అంచు ఒక్కటే. నేసినాయన చేతికి దండం పెట్టాలి, అలాంటి చీర. రహమతున్నీసా దాన్ని భుజాన వేసుకుని తిరిగింది. "ఇది మజ్జిగ మీద తేరిన వెన్న రంగమ్మా" అంది. హృదయం బొమ్మలు టపటపా పడ్డాయి. తీసి దులిపి, అంచు కాలివేళ్ల మధ్య ఇరికించి, పైకి లాగింది.

పీలిక ఎప్పుడు ఊడిపోయిందో ఆమెకి తెలియదు. వేలికి తెలియలేదు, వేలు చెప్పలేదు.

"అక్కా" అంది హీనా మెల్లిగా. "అక్కా, చీర."

అంచు పక్కన, మీగడ రంగు మీద, గోధుమరంగు మరక. మడతలోంచి మడతలోకి దిగింది. ఆమె చూస్తుండగానే అది నల్లబడుతోంది. మాధురి ఫోను గబుక్కున బోర్లించింది గానీ, ఆలోపే చూడాల్సినవాళ్లు చూశారు.

యలమంద గారు గల్లా దగ్గర్నుంచి లేచొచ్చాడు. మరకని వేలితో తాకి వాసన చూశాడు. ఆయన ఆమె మొహం వైపు చూళ్లేదు.

"జీడి" అన్నాడు.

చాకలి మూట కట్టేటప్పుడు ఎవరి బట్ట ఎవరిదో తెలియడానికి జీడితో గుర్తు పెట్టేవాడు. బట్ట చిరిగి పీలికలైనా ఆ గుర్తు పోయేది కాదు. రహమతున్నీసా చిన్నప్పటి పావడాలన్నిటికీ ఆ నల్లచుక్క ఉండేది. ఈ కొట్లో అందరికంటే ఆమెకే బాగా తెలిసిన సంగతి అది. కాలికి పూసుకునేటప్పుడు అది కాలి మందు. చీర మీద పడితే గానీ చాకలి గుర్తని గుర్తురాలేదు.

ఎలీసమ్మ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి వచ్చి నోరు నొక్కుకుంది. "కాలికి పెట్టుకోమన్నా గానీ, చీరకి పెట్టమన్నానా వదినా" అంది. ఎవరూ నవ్వలేదు.

యలమంద గారు చీర మడిచి, మరక లోపలికి పోయేటట్టు మడిచి, చంకలో పెట్టుకున్నాడు.

"పరుపు దిగమ్మా. ముందు కాలు చూపించుకో. మానాక రా, తర్వాత చూద్దాం."

రహమతున్నీసా దిగింది. ఏడుపొస్తుందేమోనని ఒక నిమిషం చూసింది. రాలేదు. చెప్పులేసుకుని ఇంటికి పోయింది.

గుంటూర్లో ఎముకల డాక్టరు దగ్గరికి కూతురు ఉజ్మా తీసుకెళ్లింది. ఉజ్మా హైవే పక్క ఒక ఆఫీసులో ముందు బల్ల దగ్గర కూర్చుంటుంది. వచ్చినవాళ్లకి నవ్వుతూ పేరు రాయించుకునే పని. కొస మొనదేలిన నల్ల బూట్లేసుకోవాలి, అది అక్కడి రూలు. బస్సులో తల్లి కాలు చూసి, "అసలు జీడేంటమ్మా, ఎవరైనా వింటే నవ్వుతారు" అంది. తర్వాత గుంటూరు వచ్చేదాకా తల్లి చెయ్యి వదల్లేదు.

డాక్టరు వయసు మళ్లినాయన. ముందు పుండు కడిగించి కట్టు కట్టించాడు. తిమ్మిరి అనగానే షుగరు పరీక్ష చేయించాడు. లేదు. నిలబెట్టి ఎక్స్‌రే తీయించి, ఆ ఫిల్ము వెలుగుకి పెట్టాడు.

"ఎవరు చెప్పారమ్మా దీన్ని ఆనెకాయని?"

"మా కొట్లో ఒకామె అండి."

"ఆనెకాయ తోలు మీద లేస్తుంది. ఇది తోలు కాదు. చూడు, కొత్తగా పెరిగిందేమీ లేదిక్కడ. పాదంలో ఎముక ఇటు జరిగింది, వేలు అటు ఒరిగింది. మధ్యలో కీలు బయటికి పొడుచుకొచ్చింది. దీన్ని బ్యూనియన్ అంటాం. కాల్చినా, కోసినా, కట్లు కట్టినా లోపలి ఎముక వెనక్కి పోదు. దీని మీదుగా సన్నటి నరం ఒకటి వెళ్తుంది. చెప్పుకీ వాపుకీ మధ్య అది నలిగింది. అందుకే నీకు మంట తెలియలేదు."

"చీరల వల్ల వచ్చిందండి. అంచు వేళ్లతో పట్టుకుంటాను, ఏళ్ల నుంచి."

"చీరల కొట్లలో అందరికీ ఉందా?"

ఆమె ఆలోచించింది. యలమంద గారి వేలు తిన్నగానే ఉంది. ఆ పట్టు నేర్పిందే ఆయన.

"మీ ఇంట్లో ఎవరికైనా ఉందా? అమ్మకి?"

తల్లి పోయినప్పుడు స్నానం చేయించింది రహమతున్నీసాయే. కఫను బట్ట చుట్టేముందు కాళ్లు కదలకుండా రెండు బొటనవేళ్లూ దగ్గరికి చేర్చి పీలికతో కడతారు. తల్లి వేళ్లు కలవలేదు. చెరో దిక్కుకీ చూస్తున్నాయి. ఎముకలు ఒకదాన్నొకటి తాకుతున్నాయి, వేళ్లు మాత్రం కలవడంలేదు. పెద్దావిడ ఒకామె, "గట్టిగా కట్టవే, ఇంకేం నెప్పి పుడద్దనా" అంది. కట్టింది. ముడి వేసేటప్పుడు ఆ వేళ్లు వెనక్కి తోశాయి, బతికున్నట్టే.

"ఉండేదండి" అంది. "అది పెళ్లలు తగిలి వచ్చింది."

డాక్టరు నవ్వలేదు. ఉజ్మా వైపు తిరిగాడు. "నువ్వు బూట్లు విప్పమ్మా."

"నాకేం లేదండీ."

"విప్పు."

ఉజ్మా విప్పింది. ఎడమకాలి మీద గుర్తుపట్టాలంటే వెతకాలి. కుడికాలి బొటనవేలు అప్పుడే పక్కకి ఒరగడం మొదలెట్టింది. వేలి మొదట్లో శనగగింజంత ఎరుపు.

"ఒకామెకి పెళ్లలంట, ఒకామెకి చీరలంట. ఈ అమ్మాయికేమో బూట్లంటారు" అన్నాడు డాక్టరు. "పాదం నిర్మాణం మీ వంశంలోంచి వస్తోంది. ఇరుకు చెప్పులు, పొద్దస్తమానం నిలబడటం, వేలిని ఇట్లా ఇరికించి లాగడం, ఇవి నొప్పి పెంచి ఉంటాయి. కాదనను. పునాది మాత్రం పుట్టుకతో వచ్చింది."

ఏం చెయ్యాలో చెప్పాడు. ముందు భాగం వెడల్పుగా, మెత్తగా ఉండే చెప్పులు వేసుకోవాలి. ఎముక మీద రాపిడి తగలకుండా మెత్తటి దిండు, వేళ్ల మధ్య సిలికాన్ ముక్క పెట్టుకోవాలి. అవి వేలిని తిన్నగా చెయ్యవు, కాస్త సుఖంగా ఉంచుతాయి, అంతవరకే. వాచినప్పుడు ఐసు. మధ్యమధ్యలో కూర్చోవాలి. ఇన్ని చేసినా నడవలేనంత నొప్పి ఉంటే అప్పుడు ఆపరేషన్. ఎముక కోసి, సరిచేసి, మరలు బిగిస్తారు. వారాల తరబడి ప్రత్యేకమైన బూటు, నెలల తరబడి వాపు. అందంగా కనపడటానికైతే చెయ్యనన్నాడు. ఉజ్మాకి నొప్పి లేదు కాబట్టి ఆ బూట్లు మారిస్తే ప్రస్తుతానికి చాలన్నాడు.

"ఆపరేషన్ చేయించుకుంటే పట్టు వస్తుందాండి?" అని అడిగింది రహమతున్నీసా.

"ఏం పట్టు?"

"అంచు పట్టుకోవాలండి. వేళ్లతో."

"నేను నొప్పి తగ్గించడానికి చేస్తానమ్మా. పట్టు వస్తుందని మాటివ్వలేను. కీలు ఇంకాస్త బిగుసుకోవచ్చు కూడా. తిమ్మిరి పోతుందో లేదో కూడా ఇప్పుడే చెప్పలేం. ముందు పుండు మాననీ. కానీ చీరలు వేలితో పట్టడం మాత్రం ఇవాళ్టితో మానెయ్యి."

"సరేనండి" అంది. ఎవరో పక్కింటావిడ గురించి చెబుతుంటే విన్నట్టు విన్నది.

బస్సులో ఉజ్మా బూట్లు విప్పి ఒళ్లో పెట్టుకుంది.

"అమ్మా. యలమంద గారు అడుగుతారుగా, ఏమన్నారని."

"అడుగుతాడు."

"కొట్టు వల్లే వచ్చిందని చెప్పు."

"డాక్టరు అట్టా అన్లేదుగా."

"పనివల్ల పెరిగి ఉంటదన్నాడుగా. ఆ సగం చెప్పు. అది అబద్ధం కాదు. ఆయన ఆ ఒక్క వేలిని చూసేగా నిన్ను పరుపు మీద ఉంచింది. పుట్టుకతో వచ్చిందని చెప్పావనుకో, ఇక ఆయనకేం పట్టింది? లోపలి గదే."

ఇంటికెళ్లాక సుభానీ కూడా అదే అన్నాడు. "నీ కూతురికి నీకంటే తెలివుంది. గమ్మున సగం చెప్పి ఊరుకో. మిగతా సగం ఎవడడిగాడు?"

రహమతున్నీసా సగమే చెబుదామని నిర్ణయించుకుంది. పుండు మానేదాకా రోజూ కట్టు మార్చుకుంటూ ఆ సగాన్నే మనసులో అనుకునేది. పని వల్ల పెరిగిందన్నారండి. పని వల్లేనండి. వినడానికి బాగానే ఉంది.

మానాక కొట్టుకి వెళ్లింది. కాలికి వెడల్పు చెప్పులు, మగవాళ్ల చెప్పుల్లా ఉన్నాయి. పరుపు దగ్గర ఆగింది, ఎక్కలేదు. హీనా పైన చీరలు సర్దుతోంది. మాధురి ఫోన్ స్టాండు తుడుస్తోంది. యలమంద గారు గల్లా వదిలి వచ్చాడు. ఆ కొద్దిరోజుల్లోనే ముసలాయన కాస్త వంగినట్టు కనిపించాడు.

"ఏమన్నాడమ్మా డాక్టరు?"

"చూశారండి."

"నాకు నిద్ర పట్టట్లేదమ్మాయ్. ఆ చీర పోతే పోయింది, దాని గురించి కాదు. ఆ పట్టు నేర్పింది నేను. నీ కాలు చెడగొట్టింది నేనేనా? మా కొట్టేనా? చెప్పు, ఉన్నదున్నట్టు చెప్పు."

హీనా సర్దడం ఆపింది. మాధురి గుడ్డ పట్టుకుని అట్లాగే నిలబడింది. ఇస్త్రీ బల్ల దగ్గర ఎలీసమ్మ పెట్టె ఎత్తి గాల్లో పట్టుకుంది.

రహమతున్నీసా ఆ సగం చెబుదామని నోరు తెరిచింది.

"మా అమ్మక్కూడా ఉండేదండి" అంది.

"ఏంది?"

"ఈ వేలు. మా అమ్మకి రెండు కాళ్లకీ ఉండేది. మా ఉజ్మాకీ మొదలైంది. పుట్టుకతో వచ్చే ఎముకంట. పని వల్ల నొప్పి పెరగొచ్చంట గానీ, పని వల్ల రాదంట."

యలమంద గారి భుజాలు దిగాయి. మోసుకొచ్చిన బస్తా ఎవరో దించినట్టు దిగాయి. ఆమె అది చూసింది.

"అట్టాగా" అన్నాడు. మళ్లీ, "అట్టాగా. అయితే ఎవరి తప్పూ లేదన్నమాట."

"లేదండి."

"ఇక పట్టకూడదంటనా వేలితో?"

"పట్టకూడదంటండి."

ఆయన తల ఊపి గల్లా దగ్గరికి పోయాడు. ఆ తల ఊపడంలో కోపం లేదు, జాలి కూడా పెద్దగా లేదు. నిద్ర మాత్రం ఆ రోజు నుంచీ పట్టి ఉంటుంది. ఎలీసమ్మ పెట్టె దించి, "సగం చెప్పి చావొచ్చుగా వదినా" అని పళ్ల మధ్య నుంచి అంది. ఆమెకెవరు చెప్పారో సగం సంగతి. సుభానీ అయి ఉంటాడు.

మర్నాడు వచ్చేసరికి హీనా పరుపు మీద ఉంది. లోపలి గది తలుపు తెరిచి ఉంది, ట్యూబ్‌లైటు గుయ్యిమంటోంది. రహమతున్నీసా ఎవరూ చెప్పకముందే అటు నడిచింది.

"అక్కా, అటెక్కడికి?" అంది మాధురి. ఆమె చేతిలో ప్లాస్టిక్ స్టూలుంది. దాన్ని ఫోన్ స్టాండు వెనక, కెమెరాకి అందని చోట పడేసింది. "ఇక్కడ కూర్చో. ఆ పిల్లకి రంగుల పేర్లు రావు. నిన్న లైవ్‌లో అన్నిటినీ పింక్ పింక్ అంది. ఒక్క ఆర్డరు రాలేదు. నువ్వు చెబుతూ ఉండు, తను చూపిస్తది."

"కనపడకుండానా?"

"కనపడకుండానే అక్కా."

రహమతున్నీసా స్టూలు వైపు చూసింది, పరుపు వైపు చూసింది. కూర్చుంది. లోపలి గది కాదు, పరుపూ కాదు. ఇది ఏమిటో ఇంకా తెలియదు.

లైవ్ మొదలైంది. హీనా మొదటి చీర భుజాన వేసుకుని కెమెరా వైపు నవ్వింది. వెనకనుంచి రహమతున్నీసా, "పండు మిరప రంగమ్మా, ఎండలో నాలుగు రోజులు ఎండిన కాయ రంగు" అంది. ఎవరో గొంతు గుర్తుపట్టి ఏదో రాశారు. మాధురి చదవలేదు, బొటనవేలు ఎత్తి చూపించింది. హీనా చీర దులిపింది. నడుం వంచకుండా, అంచు కాలివేళ్ల మధ్య ఇరికించింది. ఎప్పుడు చూసి నేర్చుకుందో. తిన్నటి వేలు, నున్నటి కీలు. జీవితాంతం చీరలు పట్టినా ఆ వేలు తిన్నగానే ఉంటుంది. వద్దని చెప్పడానికి రహమతున్నీసా దగ్గర కారణం లేదు.

స్టూలు కింద, వెడల్పు చెప్పులో, తన వేలు కదిపి చూసింది. కదిలిందో లేదో తెలియాలంటే వంగి చూడాలి.

"అక్కా, ఇదేం రంగు?" అన్నట్టు హీనా కళ్లతో అడిగింది. చేతిలో బూడిద రంగు చీర.

"వాన పడ్డ నల్లరేగడి" అంది రహమతున్నీసా. "ఇంకా ఆరలేదు."